35 కిలోల సర్వో ఆ బండికి ఎందుకు సరిపడలేదు: ఒక ఆర్‌సీ ట్రక్కు స్టీరింగ్ కేసు

రేడియో కంట్రోల్ (ఆర్‌సీ) కారు ముందు చక్రాలను తిప్పే చిన్న మోటారు పెట్టెను సర్వో అంటారు, దాని తిప్పే బలాన్ని కిలోల్లో చెబుతారు. స్టీరింగ్ సర్వో పాడైతే పాతదానికంటే ఎక్కువ కిలోల సర్వో కొనడం రేడియో కంట్రోల్ కార్లు నడిపేవారిలో బాగా పాతుకుపోయిన అలవాటు. 9 కిలోలది పోతే 20, 20 పోతే 35. పాతది ఎందుకు పోయిందో చూడకుండా పెద్దది బిగిస్తే పాత జబ్బు అలాగే ఉంటుంది, దానికి కొత్త జబ్బు ఒకటి తోడవుతుంది. ఇక్కడ రాస్తున్న కేసులో ఆ రెండూ కనిపించాయి కాబట్టి కొలతలతో సహా పూర్తిగా రాస్తున్నాను.

బండి 1/10 స్కేలు షార్ట్ కోర్స్ ట్రక్కు, అంటే మట్టి ట్రాకుల మీద పందెమాడే పికప్ ట్రక్కు చిన్న నమూనా. వెనక చక్రాలకు మాత్రమే డ్రైవ్, బ్రష్‌లెస్ మోటారు, రెండు సెల్స్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ. బ్యాటరీతో కలిపి బరువు సుమారు 2.4 కిలోలు. యజమాని హైదరాబాద్‌లో బీటెక్ చదువుతున్న కుర్రాడు. నగర శివార్లలో ప్లాట్ల కోసం చదును చేసి వదిలేసిన వెంచర్లలో నడుపుతాడు. ఎర్ర మొరం, కంకర, ఎండాకాలంలో పిండిలాంటి దుమ్ము, వానాకాలంలో గుంటల్లో నీళ్లు. సర్వోకు ఇంతకంటే కఠినమైన చోటు మన దగ్గర తక్కువే.

బండితో పాటు వచ్చిన సర్వో సాధారణ సైజుది. నైలాన్ గేర్లు, 6 వోల్టుల దగ్గర సుమారు 9 కిలోల టార్క్ (తిప్పే బలం). అది పాడయ్యాక అతను ఆన్‌లైన్‌లో 35 కిలోల సర్వో తెప్పించి, దానితో వచ్చిన అల్యూమినియం హార్న్ (సర్వో షాఫ్టుకు బిగించే చిన్న చెయ్యి) పెట్టి బిగించాడు. నా దగ్గరకు తెచ్చినప్పుడు అతని ఫిర్యాదు సర్వో గురించి కానే కాదు.

"అన్నా, రేడియో పోయినట్టుంది. మలుపులో స్పీడు ఇస్తే బండి ఒక్క సెకను ఆగిపోతోంది. మళ్లీ దానంతట అదే వస్తోంది. రిమోట్ బ్యాటరీలు కూడా మార్చి చూశాను."

"సర్వో మార్చక ముందు ఇలా ఆగేదా తమ్ముడూ?"

"లేదన్నా. కానీ సర్వో కొత్తది కదా, దాని వల్ల ఎందుకు అవుతుంది?"

ఆ ప్రశ్నకు జవాబు వెతకడంతోనే ఈ కేసు మొదలైంది.

రేడియోనా, కరెంటా?

బండిని స్టాండు మీద ఎక్కించి చక్రాలు గాలిలో ఉండగా స్టీరింగ్ ఎంత తిప్పినా, థ్రాటిల్ ఎంత నొక్కినా ఏ సమస్యా లేదు. కింద గరుకు గచ్చు మీద పెట్టి, ముందు భాగాన్ని చేత్తో కొంచెం అదిమి పట్టి స్టీరింగ్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు గబగబా తిప్పితే బండిలో రిమోట్ సంకేతాలు అందుకునే రిసీవర్ లైటు ఆరిపోయి మళ్లీ వెలిగింది. రిమోట్ అంగుళాల దూరంలో ఉంది. కాబట్టి ఇది రేంజి సమస్య కాదు. భారం పడినప్పుడే వచ్చే లోపం దాదాపు ఎప్పుడూ కరెంటు సరఫరాదే.

దాన్ని నిర్ధారించడానికి సులువైన మార్గం ఉంది. మోటారు వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీ నుంచి రిసీవర్‌కు వచ్చే మూడు వైర్లలో మధ్యనుండే ఎర్ర వైరు పిన్నును ప్లగ్గులోంచి బయటకు తీసి టేపు చుట్టాను. రిసీవర్‌కు విడిగా ఐదు సెల్స్ నికెల్ మెటల్ హైడ్రైడ్ (నిమ్హ్) బ్యాటరీ ప్యాక్ ఇచ్చాను, అంటే 6 వోల్టులే. ఎర్ర వైరు తీయకుండా రెండో బ్యాటరీ ఇస్తే రెండు సరఫరాలు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి, కొన్ని ఈఎస్‌సీలు అక్కడే కాలిపోతాయి. నల్ల వైరు మాత్రం కలిసే ఉండాలి, లేకపోతే సిగ్నల్‌కు ఆధారం ఉండదు. విడి ప్యాక్ మీద అదే గచ్చు, అదే అదుము. రిసీవర్ ఒక్కసారి కూడా ఆరలేదు. రేడియో నిర్దోషి.

కారణం ఇది. ఈఎస్‌సీ లోపల బీఈసీ అనే చిన్న సర్క్యూట్ ఉంటుంది. బ్యాటరీ వోల్టేజిని తగ్గించి రిసీవర్‌కు, సర్వోకు అందించేది అదే. ఈ బండి బీఈసీ మీద 6 వోల్టులు, 3 ఆంపియర్లు అని రాసి ఉంది. అతను పెట్టిన 35 కిలోల సర్వో 7.4 నుంచి 8.4 వోల్టుల మీద నడవడానికి తయారైన హై వోల్టేజి రకం. అలాంటి పెద్ద సర్వోలు తిరగలేక ఆగిపోయిన క్షణంలో నాలుగైదు ఆంపియర్లు కూడా లాగగలవు. బీఈసీ అంత ఇవ్వలేక వోల్టేజి పడిపోతుంది. రిసీవర్‌కు కావలసిన కనీస వోల్టేజి కూడా అందక అది ఆరిపోయి మళ్లీ మొదలవుతుంది. ఆ మధ్యలో బండి ఎవరి అదుపులోనూ ఉండదు. మామూలు మల్టీమీటర్ ఈ పతనాన్ని పట్టుకోలేదు, దాని అంకెలు మారేలోపే వోల్టేజి కోలుకుంటుంది. వోల్టేజి మార్పులను గీతగా చూపే చిన్న ఆసిలోస్కోప్ పెట్టి చూస్తే 5.9 వోల్టుల గీత గుంతలో పడ్డట్టు 3.4 వరకు దిగి పైకి లేచింది. ఆసిలోస్కోప్ లేనివారికి విడి ప్యాక్ పరీక్ష చాలు.

ఇక్కడితో ఆపి "బీఈసీ మార్చు" అని చెప్పి పంపేయవచ్చు. చాలామంది అలాగే చెబుతారు. పాత సర్వో ఎందుకు చచ్చిందో తెలియకుండా బీఈసీ మీద డబ్బు పెట్టించడం నాకు ఇష్టం లేదు. అదృష్టవశాత్తు అతను పాతదాన్ని పారేయలేదు, మర్నాడు తెచ్చిచ్చాడు.

పాత సర్వో లోపల

సర్వో అడుగున నాలుగు పొడవాటి స్క్రూలు ఉంటాయి. వాటిని తీస్తే పైమూత లేస్తుంది. గ్రీజు నల్లబడి, వేళ్ల మధ్య నలిపితే ఇసుక తగులుతోంది. మోటారుకు విడిగా కరెంటు ఇస్తే తిరిగింది కానీ మాడు వాసన వచ్చింది. అసలు సంగతి చివరి గేరులో ఉంది. హార్న్ బిగించే షాఫ్టు ఉండేది ఆ గేరుకే. దానిమీద పక్కపక్కన ఉన్న మూడు పళ్లు మొదలంటా తెగిపోయాయి. మిగిలిన పళ్లు కొత్తవాటిలా ఉన్నాయి.

తెగిన పళ్లు ఎక్కడున్నాయో చూడటం ఎంతో అవసరం. లోపలి చిన్న గేర్లు చాలా చుట్లు తిరుగుతాయి కాబట్టి వాటి పళ్లను చూసి ఏమీ చెప్పలేం. చివరి గేరు అలా కాదు. స్టీరింగ్‌లో అది మధ్య నుంచి అటు కొంత, ఇటు కొంత మాత్రమే తిరుగుతుంది. కాబట్టి దాని ఒక్కో పన్ను స్టీరింగ్‌లో ఒక్కో కోణానికి గుర్తు. రాయికి గుద్దుకుని విరిగితే ఎక్కువగా మధ్య భాగం పళ్లు పోతాయి, ఎందుకంటే నేరుగా వేగంగా వెళ్తున్నప్పుడే గట్టి దెబ్బలు తగులుతాయి. ఇక్కడ పోయినవి కుడివైపు చివరి పళ్లు. అంటే స్టీరింగ్ కుడివైపు పూర్తిగా తిరిగాక కూడా సర్వో ఇంకా తోస్తూనే ఉంది. అడ్డు తగిలిన చోట ఆగకుండా నెట్టి నెట్టి పళ్లు తెగాయి, మోటారు మాడింది. సర్వోకు బలం చాలలేదన్న అతని నమ్మకానికి ఈ గేరు సాక్ష్యం ఇవ్వలేదు.

దాంతో చూపు హార్న్ నుంచి చక్రాలదాకా ఉండే లింకుల (కడ్డీల) మీదకు మళ్లింది. సర్వో హార్న్ నుంచి లింకు విప్పేసి చక్రాలను చేత్తో తిప్పాను. ఆరోగ్యంగా ఉన్న స్టీరింగ్ ఒక వేలితో తిరగాలి. ఇది ఎడమవైపు బాగానే వెళ్లింది, కుడివైపు సగం దాటాక బిగుసుకుంది. ఒక్కొక్క భాగం విడదీస్తే రెండు కారణాలు బయటపడ్డాయి. ఎప్పుడో పల్టీ కొట్టాక కుడి నకిల్ (చక్రాన్ని పట్టుకుని తిరిగే ముక్క) స్క్రూను మళ్లీ బిగించినప్పుడు అవసరానికి మించి బిగించారు, నకిల్ స్వేచ్ఛగా ఊగడం లేదు. రెండోది, సర్వో కదలికను రెండు చక్రాలకూ పంచే బెల్‌క్రాంక్ బుష్‌లలో (అది తిరిగే చోటి చిన్న గొట్టాల్లో) నూనె వేశారు. వెంచర్ దుమ్ము ఆ నూనెకు అంటుకుని సానపట్టే ముద్దలా తయారైంది. మన మొరం నేలల్లో తిరిగే బండి స్టీరింగ్ బుష్‌లకు నూనె వేయకూడదని గట్టిగా చెబుతాను. శుభ్రంగా తుడిచి పొడిగా వదిలేయడమే మంచిది. అవి అరిగితే సీల్ ఉన్న బాల్ బేరింగులు వేసుకోవచ్చు.

రిమోట్‌లో ఎండ్ పాయింట్ కూడా చూశాను, అంటే సర్వో ఎంతవరకు తిరగాలో చెప్పే హద్దు. రెండువైపులా 120 శాతం పెట్టి ఉంది. ఎక్కువ తిరుగుతుందని పెట్టుకున్నాడు. చక్రాలు మాత్రం దాదాపు 85 శాతం దగ్గరే నకిల్ అడ్డుకు తగిలి ఆగుతున్నాయి. ఆ పైన ఉన్న ప్రతి శాతం సర్వో తన బలాన్ని తనమీదే ఖర్చుపెట్టుకునే దూరం.

ఈ బండికి నిజంగా ఎన్ని కిలోలు కావాలి?

సర్వో పెట్టె మీద రాసే కిలోలు నిజానికి కిలోగ్రామ్-సెంటీమీటర్లు. 10 అని ఉంటే షాఫ్టు మధ్య నుంచి 1 సెంటీమీటరు దూరంలో 10 కిలోల బలం, 2 సెంటీమీటర్ల దూరంలో 5 కిలోల బలం అని అర్థం. పైగా అది సర్వో కదలలేక ఆగిపోయే చోటి అంకె. ఏ సర్వో కూడా ఆ అంకె దగ్గర పని చేస్తూ బతకదు. కాబట్టి మన అవసరం ఎంతో ముందు తెలియాలి. అది తెలుసుకోవడానికి ప్రయాణాల్లో సూట్‌కేసు తూచే వేలాడే డిజిటల్ కాటా చాలు.

బండిని బ్యాటరీతో సహా గరుకు గచ్చు మీద నిలబెట్టి, సర్వో నుంచి విప్పిన లింకుకు కాటా కొక్కెం తగిలించి, చక్రాలు తిరిగేవరకు మెల్లగా లాగాను. నిలబడ్డ బండి చక్రాలు తిప్పడమే అన్నిటికంటే కష్టమైన పని, కదులుతుంటే సులువవుతుంది. మరమ్మతుకు ముందు కుడివైపు చివర 2.6 కిలోల బలం పట్టింది. హార్న్ పొడవు 2 సెంటీమీటర్లు కాబట్టి అది 5.2 కిలోల టార్క్. నకిల్ స్క్రూ సడలించి, బుష్‌లు తుడిచాక అదే చోట 1.1 కిలో. అంటే 2.2 కిలోల టార్క్. పాత 9 కిలోల సర్వోకు ఇది నాలుగో వంతు పని.

ఇంకో కొలత దీనికంటే ముఖ్యం. చాలా షార్ట్ కోర్స్ ట్రక్కుల్లాగే ఈ బండి బెల్‌క్రాంక్‌లోనే సర్వో సేవర్ ఉంది. చక్రం రాయికి తగిలినప్పుడు ఆ దెబ్బ సర్వో గేర్లదాకా రాకుండా అందులోని స్ప్రింగు విచ్చుకుని మింగేస్తుంది. స్ప్రింగుకు అటునుంచి వచ్చే దెబ్బ, ఇటునుంచి వచ్చే తోపు అన్న తేడా తెలియదు. సర్వో బలంగా తోసినా, చక్రం మొండికేస్తే స్ప్రింగు విచ్చుకుంటుంది. చక్రాలు గట్టిగా పట్టుకుని లింకును కాటాతో లాగితే 3.8 కిలోల దగ్గర సేవర్ విచ్చుకోవడం మొదలైంది. 2 సెంటీమీటర్ల హార్న్ దగ్గర అది 7.6 కిలోల టార్క్.

అంటే ఈ బండిలో 8 కిలోలకు మించిన టార్క్ ఎంత ఉన్నా చక్రాలకు చేరదు. 35 కిలోల సర్వో కొన్నా, 15 కిలోలది కొన్నా టైరుకు అందే బలం ఒక్కటే. సేవర్ నట్టు బిగిస్తే ఇంకా బలం చేరుతుంది, కానీ అప్పుడు రాయి దెబ్బ నేరుగా గేర్ల మీద పడుతుంది. మిగిలిన బలం ఊరికే పోలేదు కూడా. అల్యూమినియం హార్న్, ఆ సర్వో కలిసి బెల్‌క్రాంక్ ప్లాస్టిక్ చేతిని లాగి లాగి దాని మొదట్లో సన్నటి పగులు తెచ్చాయి. దీపం పట్టి చూస్తేగానీ కనబడలేదు. దాన్ని మార్చాల్సి వచ్చింది.

అలాగని 8 కిలోల సర్వో చాలదు. నడుస్తున్న బండి చక్రం గుంతలో పడ్డప్పుడు, మట్టిగడ్డను ఒరుసుకున్నప్పుడు సర్వో ఆ 8 కిలోల దాకా పనిచేయాలి. ఆగిపోయే అంకె కనీసం అంతకు ఒకటిన్నర రెట్లు ఉంటే మోటారు చల్లగా ఉంటుంది. కాబట్టి నా లెక్కలో 6 వోల్టుల దగ్గర నిజంగా 12 నుంచి 20 కిలోల మధ్య ఇవ్వగలిగిన, లోహపు గేర్లున్న, దుమ్మూ నీరూ ఆపే సీళ్లున్న సర్వో కావాలి. 3 ఆంపియర్ల బీఈసీని కూలదోయకూడదు. ఇంత స్పష్టమయ్యాకే ఏది కొనాలన్న మాట మొదలుపెట్టాం.

చూసినవి, వద్దన్నవి

ఉన్న 35 కిలోల సర్వోనే ఎలాగైనా వాడుకుందామని అతను అడిగాడు. డబ్బు పెట్టాడు కదా, అడగడం సహజం. అది మంచి సర్వోనే, ఈ బండికి సరిపడదు, అంతే. దానికి కావలసిన వోల్టేజి ఇవ్వడానికి రెండు దారులున్నాయి. ఒకటి, సర్వో ఎర్ర, నల్ల వైర్లను నేరుగా రెండు సెల్స్ బ్యాటరీకి కలిపి, సిగ్నల్ వైరును మాత్రం రిసీవర్‌కు ఇవ్వడం. నిండుగా ఛార్జి చేసిన రెండు సెల్స్ 8.4 వోల్టులు, సర్వో దాన్ని తట్టుకుంటుంది. రిసీవర్ మీద భారం ఉండదు. రాళ్ల మీద పాకే క్రాలర్లలో ఈ పద్ధతి ఎంతోమంది వాడతారు, నేనూ చేసి ఇస్తుంటాను. ఇబ్బంది ఏమిటంటే ఈఎస్‌సీ స్విచ్ ఆపినా సర్వోకు కరెంటు ఆగదు. బ్యాటరీ పీకడం మర్చిపోతే సర్వో దాన్ని మెల్లగా పీల్చేస్తుంది. లైపో ఒక్కో సెల్ 3 వోల్టుల కిందకు దిగితే పాడవుతుంది. ఈఎస్‌సీలో ఉండే తక్కువ వోల్టేజి రక్షణ మోటారును ఆపుతుందే తప్ప ఈ సర్వోను ఆపదు. దానికంటే పెద్ద అడ్డంకి, అతను వచ్చే ఏడాది మూడు సెల్స్‌కు మారాలనుకుంటున్నాడు. 12.6 వోల్టులు తగిలిన మరుక్షణం ఆ సర్వో బోర్డు పోతుంది.

రెండో దారి విడి బీఈసీ. క్యాజిల్ క్రియేషన్స్ 10 ఆంపియర్ల బీఈసీ లాంటివి వోల్టేజిని మనకు కావలసినంతకు అమర్చుకోనిస్తాయి. చక్కగా పనిచేస్తుంది. కానీ ఈ ఖర్చంతా పెట్టాక చక్రాలకు చేరేది అవే 8 కిలోలు. బెల్‌క్రాంక్ మాత్రం మళ్లీ పగులుతుంది. వద్దన్నాను.

పాత సర్వోకు గేర్ల సెట్టు మాత్రం మార్చడం చవకైన దారి. మోటారు మాడు వాసన రాకపోతే అదే చేసేవాణ్ని. లింకులు సరిచేశాక నైలాన్ గేర్లు కూడా చాలాకాలం బతుకుతాయి. ఈ మాట విని చాలామంది ఆశ్చర్యపోతారు, లోహపు గేర్లు తప్ప గతిలేదనుకుంటారు.

టవర్‌ప్రో ఎంజీ996ఆర్ మన దగ్గర ప్రతి ఎలక్ట్రానిక్స్ వీధిలో దొరుకుతుంది. కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే నిమిషంలో చేతిలో పెడతారు. లెక్క ప్రకారం 6 వోల్టుల దగ్గర 11 కిలోలు, 60 డిగ్రీలు తిరగడానికి 0.14 సెకన్లు. కాగితం మీద చూస్తే నా అవసరానికి దగ్గరగానే ఉంది. రోబో చేతులకు, కాలేజీ ప్రాజెక్టులకు అది ఎంతో ఉపయోగపడింది. కానీ దానికి సీళ్లు లేవు, ఈ దుమ్ములో అది పెద్ద లోటు. ఆ పేరుతో నకిలీలు కూడా విపరీతంగా తిరుగుతున్నాయి, చేతికి వచ్చింది ఏదో చెప్పలేం. స్టీరింగ్‌కు సర్వో ప్రతిసారీ ఒకే మధ్యబిందువుకు తిరిగి రావాలి. ఒకటి రెండు డిగ్రీలు తేడా వస్తే నిదానంగా నడిచే రోబోకు ఫరవాలేదు, వేగంగా వెళ్లే బండి రోడ్డంతా ఊగుతుంది.

సేవాక్స్ ఎస్‌సీ-1258టీజీ గురించి అతనే అడిగాడు. 6 వోల్టుల దగ్గర 12 కిలోలు, 0.08 సెకన్లు, కోర్‌లెస్ మోటారు, టైటానియం గేర్లు. ట్రాకు మీద పోటీకి నడిపేవారికి అది చాలా ఏళ్లుగా ఇష్టమైన సర్వో. ఆ వేగం విలువ ఏమిటో లెక్కవేసి చూపించాను. చక్రాలు మధ్య నుంచి చివరకు తిరగడానికి సర్వో సుమారు 35 డిగ్రీలు తిరగాలనుకుందాం. 60 డిగ్రీలకు 0.17 సెకన్లు పట్టే మామూలు సర్వో అందుకు దాదాపు 0.1 సెకను తీసుకుంటుంది, 0.08 సెకన్లది అందులో సగం కూడా తీసుకోదు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. అంటే మొదటి సర్వో పూర్తిగా తిరిగేలోపు బండి 1.1 మీటర్లు ముందుకు పోతే, రెండోదానితో అర మీటరే పోతుంది. పక్కపక్కన పది బండ్లు పరిగెత్తే ట్రాకులో ఆ అర మీటరే గెలుపు. ఖాళీ వెంచర్లో ఎవరికీ అక్కర్లేదు. పైగా వేగంగా తిరిగే సర్వో ఆ కరెంటును ఒక్కసారిగా లాగుతుంది, 3 ఆంపియర్ల బీఈసీకి అది మళ్లీ పరీక్షే. పోటీలకు వెళ్తే తీసుకుందువుగానిలే అన్నాను.

చివరకు డీఎస్‌సర్వో డీఎస్3218 దగ్గర ఆగాం. తయారీదారు లెక్క ప్రకారం 5 వోల్టుల దగ్గర 19 కిలోలు, 6.8 దగ్గర 21.5. వేగం 0.16 నుంచి 0.14 సెకన్లు. లోహపు గేర్లు, మధ్యలో అల్యూమినియం కేసు, కీళ్ల దగ్గర రబ్బరు సీళ్లు. అల్యూమినియం కేసు అందం కోసం కాదు, మోటారు వేడిని బయటకు పంపడానికి. ఏప్రిల్ మధ్యాహ్నాల్లో నడిపేవాడికి అది అక్కరకొస్తుంది. ధర 35 కిలోలదానికంటే తక్కువ.

కొనేముందు సరిచూసుకోవలసిన కొలతలు కొన్ని ఉన్నాయి. పొడవు 40, వెడల్పు 20 మిల్లీమీటర్లు కాబట్టి మౌంటులో కూర్చుంటుంది. ఎత్తు 40.5. ఇక్కడ మొత్తం ఎత్తు కంటే మౌంటు చెవుల నుంచి షాఫ్టు కొన వరకు ఉన్న దూరం ముఖ్యం. అది మారితే హార్న్ పైకో కిందకో జరిగి లింకు ఏటవాలు అవుతుంది, సస్పెన్షన్ ఆడినప్పుడల్లా ఎక్కడో ఒకచోట ఒరుసుకుంటుంది. తేడా ఉంటే చెవుల కింద వాషర్లు వేసి సరిచేయాలి. ఇక్కడ ఒక మిల్లీమీటరు వాషరు చాలింది. షాఫ్టు పళ్లు 25, ఫ్యుటాబా పద్ధతి. హైటెక్ పాత సర్వోలకు 24, సాన్వా, కేఓ, జేఆర్‌లకు 23 ఉంటాయి. 24 పళ్ల హార్న్‌ను 25 పళ్ల షాఫ్టు మీద బలవంతంగా దించితే కూర్చున్నట్టే ఉంటుంది, కానీ పళ్లు నలిగిపోయి రెండు మూడు మలుపుల్లోనే జారిపోతుంది. ఈ బండి పాత హార్న్ 25 పళ్లదే.

బిగించిన తీరు

అల్యూమినియం హార్న్ తీసేసి బండితో వచ్చిన గట్టి ప్లాస్టిక్ హార్నే మళ్లీ పెట్టాను. సేవర్ బెల్‌క్రాంక్‌లో ఉంది కాబట్టి లోహపు హార్న్ తప్పు కాదు. కానీ గుద్దుకున్నప్పుడు ఏదో ఒకటి విరగక తప్పకపోతే అది అన్నిటికంటే చవకైన ముక్క కావాలని నా కోరిక.

సర్వోను బండిలో పెట్టక ముందే రిసీవర్‌కు కలిపి, మధ్యబిందువును అటూఇటూ జరిపే స్టీరింగ్ ట్రిమ్, సబ్‌ట్రిమ్ రెండూ సున్నా చేసి, కరెంటు ఇచ్చి మధ్యకు తెచ్చాను. అప్పుడే హార్న్ తొడగాలి. 25 పళ్లంటే ఒక్కో పన్నుకు 14.4 డిగ్రీలు. హార్న్ లింకుకు సరిగ్గా లంబంగా కూర్చోవడం అరుదు, ఎటో ఒకవైపు కొంచెం వంగే ఉంటుంది. దగ్గరగా ఉన్న పన్ను ఎంచుకుని మిగిలింది సబ్‌ట్రిమ్‌తో సరిచేయాలి. సబ్‌ట్రిమ్ మరీ ఎక్కువ పడితే ఒకవైపు తిరిగే దూరం తగ్గిపోతుంది కాబట్టి హార్న్ తీసి ఇంకో పన్ను మీద చూడాలి. షాఫ్టు లోహానిది కాబట్టి హార్న్ స్క్రూకు చుక్క నీలం థ్రెడ్ లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) పెట్టాను. ప్లాస్టిక్‌లోకి వెళ్లే స్క్రూలకు అది తగలకూడదు, ప్లాస్టిక్ పెళుసవుతుంది.

బండిలో పెట్టక ముందు ఇంకో పని చేశాను. సర్వోను వైస్‌లో పట్టించి 6 వోల్టులు ఇచ్చి, 2 సెంటీమీటర్ల దూరంలో కాటాతో లాగి, 6 కిలోల దాకా పట్టుకుని నిలబడగలదా అని చూశాను. నిలబడింది. అంటే 12 కిలోలు ఖాయం. ఎక్కడ ఆగిపోతుందో చూద్దామని ఇంకా లాగలేదు. కొత్త సర్వోను ఆగిపోయేదాకా హింసించి తెలుసుకోవలసినది ఏమీ లేదు.

ఎండ్ పాయింట్ల అమరికలో నేను చెవిని నమ్ముతాను. బండిని స్టాండు మీద పెట్టి, రిమోట్ చక్రాన్ని పూర్తిగా తిప్పి పట్టుకుని, ఎండ్ పాయింట్‌ను తక్కువ నుంచి కొంచెం కొంచెంగా పెంచుతూ పోవాలి. నకిల్ అడ్డుకు తగిలిన క్షణంలో సర్వో గుయ్యిమనే శబ్దం మారుతుంది, గట్టిపడుతుంది. అక్కడినుంచి రెండు మూడు శాతం వెనక్కి రావాలి. డిజిటల్ సర్వో కదలకుండా ఉన్నప్పుడు కూడా సన్నగా గుయ్యిమంటుంది, అది మామూలే, దాన్ని చూసి భయపడనక్కర్లేదు. ఇక్కడ ఎడమవైపు 84, కుడివైపు 81 దగ్గర ఆగాం. రెండువైపులా ఒకే అంకె రాకపోవడం సహజం. "ఎక్కువ తిరగదేమో అన్నా" అని అతను అనుమానపడ్డాడు. చక్రాల కోణం కొలిచి చూపించాను, ముందున్నంతే ఉంది. 120 శాతం దగ్గర కూడా చక్రాలు తిరిగింది ఇంతే.

బీఈసీకి ఊతంగా రిసీవర్ ఖాళీ ఛానెల్‌లో 4700 మైక్రోఫారడ్, 16 వోల్టుల కెపాసిటర్ ఒకటి పెట్టాను. క్షణకాలపు వోల్టేజి పతనాన్ని అది పూడుస్తుంది. బీఈసీ శక్తి చాలని బండిని మాత్రం అది కాపాడలేదు, లోపల దాచుకున్న విద్యుత్తు కన్నుమూసి తెరిచేలోపు అయిపోతుంది. 35 కిలోల సర్వోతో అదే కెపాసిటర్ పెట్టి చూస్తే రిసీవర్ ఆరడం తగ్గింది, ఆగలేదు. ధన, రుణ కాళ్లు తారుమారైతే ఈ కెపాసిటర్లు పేలతాయి. సోల్డర్ చేశాక మల్టీమీటర్‌తో సరిచూసి, కాళ్ల మీద హీట్ ష్రింక్ ట్యూబు వేసి, బండి గోడకు టైతో కట్టేశాను.

ఫలితం

అదే గరుకు గచ్చు, అదే అదుము. స్కోపులో 5.9 వోల్టులు 5.3 దగ్గర ఆగి తిరిగి పైకి వచ్చింది. వెంచర్లో ఒక బ్యాటరీ అయ్యేదాకా నడిపాం. ఎండ బాగా ఉంది. దిగాక సర్వో కేసు మీద చెయ్యి పెట్టి ఉంచగలిగాను. లింకులు బిగుసుకుని ఉండగా 35 కిలోల సర్వో కేసు ముట్టుకోలేనంత వేడెక్కేదని అతను చెప్పాడు. రిసీవర్ ఒక్కసారి కూడా ఆగలేదు. నేరుగా వెళ్లేటప్పుడు బండి గీత గీసినట్టు పోయింది. ఇందులో కొత్త సర్వో వాటా ఎంతో, తుడిచిన బుష్‌ల వాటా కూడా అంతే ఉందని నా నమ్మకం.

వాన కురిశాక గుంటల్లో నడిపి మళ్లీ తెచ్చాడు. సర్వో తెరిచి చూశాను, లోపల తడి లేదు. షాఫ్టు చుట్టూ ఉన్న సీలు దగ్గర బురద పేరుకుంటోంది, దాన్ని నీళ్ల ధారతో కడగకుండా బ్రష్‌తో తుడవమని చెప్పాను. ఒత్తిడితో కొట్టిన నీరు ఏ సీలునైనా దాటుతుంది.

35 కిలోల సర్వోను అతను తన స్నేహితుడి క్రాలర్‌కు ఇచ్చాడు. ఆ బండి ఎప్పటికీ రెండు సెల్స్ మీదే నడుస్తుంది, హార్న్ మీద సేవర్ లేదు, చక్రాలు రాళ్ల మధ్య ఇరుక్కున్నప్పుడు నిజంగానే అంత బలం కావాలి. బ్యాటరీ నుంచి నేరుగా వైరు వేసి, మధ్యలో విడి స్విచ్ పెట్టి ఇచ్చాను.

ట్రక్కు విషయంలో ఒక పని మిగిలే ఉంది. మూడు సెల్స్‌కు మారాక బీఈసీ మళ్లీ కొలవాలి. స్విచ్చింగ్ రకం బీఈసీ అయితే పెద్ద తేడా ఉండదు. లీనియర్ రకమైతే పెరిగిన వోల్టేజినంతా వేడిగా మార్చి వదలాలి కాబట్టి అది ఇవ్వగల కరెంటు తగ్గిపోతుంది. వేగం పెరిగేకొద్దీ రాయి దెబ్బ కూడా పెరుగుతుంది. అప్పుడు సేవర్ నట్టును ఇప్పుడున్న చోటునుంచి పావు చుట్టు వదులు చేయాలో, అలాగే ఉంచాలో కాటాతో లాగి చూశాకే చెబుతానన్నాను.